తీరం దాటిన తర్వాతే ఇంటికి అసలు గండం

వాయుగుండం తుపానుగా మారిందన్న కబురు వచ్చిన దగ్గర నుంచి అందరి నోటా ఒకటే మాట: ఎక్కడ తీరం దాటుతుంది, ఎప్పుడు దాటుతుంది? ‘తీరం దాటింది’ అనగానే సగం భయం పోతుంది. రాత్రంతా బిగించుకుని కూర్చున్న ఇళ్లలో తలుపులు తెరుచుకుంటాయి. పిల్లలు వీధిలోకి పరుగెడతారు, పెద్దలు డాబా ఎక్కి ఏవి ఎగిరిపోయాయో చూసుకుంటారు. అయితే ప్రాణాలు తీసే ప్రమాదాలు ఎన్నో ఆ ఘడియ తర్వాతే ఎదురవుతాయి.

సముద్రం నుంచి మనుషులను కాపాడుకోవడం ఆంధ్ర తీరం చాలా వరకు నేర్చుకుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పది వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏకంగా విశాఖపట్నం మీదే తీరం దాటింది. గాలులు గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నాయి. అంత పెద్ద నగరం మీద అంత గాలి విరుచుకుపడినా మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ముందస్తు అంచనాలు మెరుగుపడటం, తుపాను రక్షిత భవనాలు రావడం, లోతట్టు గ్రామాలను ముందే ఖాళీ చేయించడం దీనికి కారణాలు. ఇది చిన్న విజయం కాదు.

ఇప్పుడు తుపాను వార్తల్లో కనిపించే మరణాల తీరు వేరు. చెట్టు కూలి ఒకరు, తడిసిన గోడ విరిగిపడి ఇంకొకరు, తెగిపడ్డ కరెంటు తీగ తగిలి మరొకరు. ఇవన్నీ ఇంట్లోనో, ఇంటి ముందో జరిగేవే. హెచ్చరికల వ్యవస్థ గడప దాకా వచ్చి ఆగిపోతోంది. గడప లోపల ఏం చేయాలో చెప్పేవారు తక్కువ, చెప్పినా అది ‘అప్రమత్తంగా ఉండండి’ అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. అప్రమత్తత అంటే ఏ స్విచ్చు, ఏ గోడ, ఏ నీళ్లు అన్నది విడమరిచి చెబితేనే ఇంటి మనిషికి ఉపయోగం.

హెచ్చరికను ఇంటి లెక్కల్లోకి మార్చుకోవడం

‘మన దగ్గర కాదులే, అక్కడెక్కడో దాటుతుందట’ అనేది తీరప్రాంతంలో తరచూ వినిపించే ధీమా. దివిసీమ చరిత్ర ఈ ధీమాను నిలువునా కొట్టేస్తుంది. 1977 తుపాను తీరం దాటింది దివిసీమ దగ్గర కాదు, దానికి నైరుతి దిక్కున ఉన్న చీరాల, నిజాంపట్నం వైపు. మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. అందువల్ల తుపాను దారికి కుడివైపున, అంటే కోస్తాంధ్రలో ఉత్తరం, ఈశాన్యం వైపున, గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఎడమవైపున నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఉప్పెన కుడివైపునే ఎత్తుగా లేస్తుంది. కాబట్టి పటంలో తీరం దాటే చుక్క మన ఊరికి కాస్త దక్షిణాన ఉంటే, చుక్క కిందే ఉన్నవారికంటే మనకే ఎక్కువ ముప్పు ఉండవచ్చు.

వాన విషయంలోనూ అంతే. వాతావరణ శాఖ ‘అతిభారీ’, ‘అత్యంత భారీ’ అన్నప్పుడు వాటి వెనక కచ్చితమైన కొలతలున్నాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.5 దాటితే అతిభారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఇంటికి సంబంధించి ఈ అంకెల అర్థం ఏమిటి? నూరు చదరపు మీటర్ల డాబా మీద 20 సెంటీమీటర్ల వాన పడితే చేరే నీరు 20,000 లీటర్లు. ఐదు వేల లీటర్ల నీటి ట్యాంకర్లు నాలుగు డాబా మీద కుమ్మరించినట్టు. డాబా తూములో ఎండుటాకులు, పాలిథిన్ సంచి అడ్డం పడి ఉంటే, పిట్టగోడల మధ్య ఆ 20 టన్నుల బరువులో ఎక్కువ భాగం స్లాబు మీదే నిలిచిపోతుంది. పాత స్లాబులకు, కింద గదిలోని ఫ్యాను కొక్కెం దగ్గర నెమ్మెక్కే కప్పుకు ఇది మామూలు భారం కాదు. హెచ్చరిక వచ్చిన రోజున చేయవలసిన మొదటి పని తూము శుభ్రం చేయడం. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

వాన ఆగితే ముంపు ఆగుతుందన్న నమ్మకాన్ని విజయవాడ 2024లో కోల్పోయింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 ఆదివారం తెల్లవారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం పరిసరాల్లో ఇళ్లలోకి వచ్చిన నీరు నెత్తిమీద కురిసిన వాన ఒక్కటే కాదు. బుడమేరు వాగుకు మూడు గండ్లు పడ్డాయి. ఎగువ నుంచి వచ్చిన వరద కాలనీల మీదికి మళ్లింది. అదే సమయంలో కృష్ణా నదిలో ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. సైన్యం కూడా దిగి గండ్లు పూడ్చడానికి దాదాపు వారం పట్టింది. వాన తెరిపి ఇచ్చినా వీధుల్లో నీరు అలాగే నిలిచింది. డ్రోన్లతో ఆహార పొట్లాలు అందించవలసి వచ్చింది. ఏరు, చెరువు, కాలువ కట్ట ఇంటికి ఎంత దూరంలో ఉన్నాయి, అవి తెగితే నీరు ఏ వైపు నుంచి వస్తుంది అన్నది ప్రతి ఇంటివారికీ తెలిసి ఉండాలి. నీరు మోకాలి లోతుకు వచ్చాక ‘ఇంకా చూద్దాం’ అనడం అన్నిటికన్నా ఖరీదైన నిర్ణయం. ముసలివారు, బాలింతలు, డయాలిసిస్ అవసరమైనవారు ఉన్న ఇళ్లు దారి పొడిగా ఉండగానే కదలాలి.

పూరిళ్లు, రేకుల షెడ్లలో ఉండేవారి విషయంలో చర్చే లేదు. పెనుగాలికి ఆ కప్పు నిలవదు, పునరావాస కేంద్రానికి వెళ్లక తప్పదు. గొడ్లను వదిలి రాలేక, ఇంట్లోని నాలుగు వస్తువులు ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో చాలామంది ఆగిపోతారు. ఆ భయాన్ని తేలిక చేసి మాట్లాడటం తప్పు. పశువులను కట్టుతాళ్లు విప్పి వదిలితే అవి మెరక వెతుక్కుంటాయి. కట్టేసి ఉంచితే నీటిలో నిలబడి చచ్చిపోతాయి.

గాలి వీస్తున్నంతసేపు

ఈ దశ గురించి చెప్పవలసింది కొంచెమే. కిటికీలు తెరిచి ఉంచితే లోపలి, బయటి గాలి ఒత్తిడి సమానమై ఇల్లు నిలుస్తుందని కొందరు నమ్ముతారు. అది నిజం కాదు. తెరిచిన కిటికీలోంచి దూరిన గాలి కప్పును లోపలి నుంచి పైకి తన్నుతుంది, బయటి గాలి అదే కప్పును పైనుంచి లాగుతుంది. రేకులు లేచిపోయేది అలాగే. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. అన్నీ మూసి, గాజు కిటికీలకు దూరంగా, ఇంటి నడిమి గదిలో కూర్చోవాలి. డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకును ముందే నింపాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, గాలికి కదలదు. ఖాళీగా ఉంటే పక్కింటి మీద పడే వస్తువు. పైగా కరెంటు పోయాక ఇంట్లో మిగిలే నీరు అదే.

హుద్‌హుద్ నాడు విశాఖవాసులు స్వయంగా చూసిన సంగతి ఒకటుంది. హోరుమన్న గాలి ఒక్కసారిగా నెమ్మదించింది. అది తుపాను కన్ను నగరం మీదుగా వెళ్తున్న సమయం. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. అప్పటిదాకా ఒక పక్కకు వంగి వదులైన చెట్లు, హోర్డింగులు, గోడలు రెండో దెబ్బకు కూలతాయి. మధ్యలో దొరికిన ప్రశాంతతలో బయటికి రావడమంటే ఆ దెబ్బకు ఎదురెళ్లడమే. అధికారులు ప్రకటించేదాకా లోపలే ఉండాలన్న నియమం అందుకే.

నీళ్లున్న ఇంట్లో కరెంటు

ఇంటి ప్రమాదాలన్నిటిలో అతి తక్కువగా అర్థమైంది ఇదే. ‘కరెంటు లేదు కదా’ అన్న ఒక్క మాట ఎన్నో చేతులను తడి స్విచ్‌బోర్డుల దాకా తీసుకెళుతుంది.

వీధిలో సరఫరా ఆగినంత మాత్రాన ఇంట్లో కరెంటు లేనట్టు కాదు. ఇన్వర్టర్ ఉన్న ప్రతి ఇంట్లో, సరఫరా పోయిన మరుక్షణం అది బ్యాటరీ నుంచి 230 వోల్టుల కరెంటును అవే గోడ తీగల్లోకి పంపడం మొదలుపెడుతుంది. మెయిన్ స్విచ్ దించినా చాలా ఇళ్లలో ఇన్వర్టర్ దారి తెగదు. గచ్చు మీద నీరు చేరి, అడుగు ఎత్తులో ఉన్న ప్లగ్గు మునిగితే, వీధంతా చీకటిగా ఉన్నా ఆ నీళ్లలో కరెంటు ఉండవచ్చు. కాబట్టి ముంపు సూచన రాగానే మెయిన్ దించడంతో పాటు ఇన్వర్టర్‌ను దాని స్విచ్ దగ్గరే ఆపాలి, దాని ప్లగ్గు తీయాలి. ఈ రెండూ కాళ్లు పొడి నేల మీద ఉన్నప్పుడు చేయవలసిన పనులు. నీరు అప్పటికే వచ్చి ఉంటే, నీళ్లలో నిలబడి మెయిన్ ముట్టుకోవడం కంటే దాన్ని అలాగే వదిలేసి మెట్లెక్కి పోవడం మంచిది. 1912కు ఫోను చేసి ఆ వీధి సరఫరా ఆపించమని అడగవచ్చు.

ఇప్పుడు డాబాల మీద సౌర పలకలు పెరుగుతున్నాయి. వాటిని ఆపే మీట సూర్యుడి దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. తుపాను మరునాడు ఎండ కాయగానే, పలక పగిలినా, తీగ తెగినా, అది కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. పక్కకు ఒరిగిన పలకను చేత్తో సరిచేయబోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. బిగించిన సంస్థవారే వచ్చి చూడాలి.

వీధిలో తెగిపడ్డ తీగది ఇంకో స్వభావం. దాన్ని ముట్టుకోకపోతే చాలనుకుంటారు. కానీ తడి నేలలోకి పాకిన కరెంటు తీగ పడ్డ చోట బలంగా, దూరమయ్యేకొద్దీ బలహీనంగా ఉంటుంది. పెద్ద అడుగు వేస్తే ఒక కాలి కింద ఎక్కువ వోల్టేజి, ఇంకో కాలి కింద తక్కువ వోల్టేజి. ఆ తేడా ఒళ్లు గుండా ప్రవహిస్తుంది. పశువులు ఇలా ఎక్కువగా చనిపోవడానికి కారణం వాటి ముందు కాళ్లకు, వెనక కాళ్లకు మధ్య దూరమే. కనీసం పది మీటర్ల దూరం పాటించాలి. పొరపాటున దగ్గరికి వెళ్లినట్టు తెలిస్తే పాదాలు ఎత్తకుండా, రెండూ దగ్గరగా ఉంచి చిన్నగా జరుపుకుంటూ వెనక్కి రావాలి. బట్టలారేసే ఇనుప తీగ గురించి వేరే చెప్పాలి. సర్వీసు వైరు తెగి దాని మీద పడితే, పెరట్లో తడి బట్ట తీయబోయిన మనిషి పోతాడు. ఆ చోట నైలాన్ తాడు కట్టుకోవడం కంటే చౌకైన రక్షణ లేదు.

జనరేటర్‌ను ఇంటి ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి ప్రవహిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులకు పెరుగుతుంది. స్తంభమెక్కి తీగ కడుతున్న లైన్‌మన్‌కు ఆ సంగతి తెలియదు. మన వెలుగు కోసం పనిచేస్తున్న మనిషినే అది బలి తీసుకుంటుంది. జనరేటర్‌ను గదిలోనో, మెట్ల కిందో పెడితే ఇంకో ముప్పు: దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి వెలిగించినా అంతే.

నీరు తీశాక సరఫరా తిరిగి ఇవ్వడానికి తొందరపడకూడదు. పైకి ఆరినట్టు కనిపించే స్విచ్‌బోర్డు డబ్బా లోపల, గోడలో దాచిన గొట్టాల్లో బురద నీరు రోజుల తరబడి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డులు విప్పి, తుడిచి, తీగల పైపూత సరిగా ఉందో లేదో మీటరుతో కొలిచాక ఒక్కో గదినీ విడివిడిగా కలపాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ ఉన్న ఇల్లు ఇక్కడ అదృష్టవంతమైనది. కరెంటు దారి తప్పి మనిషి గుండా పోతే అది రెప్పపాటులో సరఫరా తెంచుతుంది. లేని ఇల్లు ఈ మరమ్మతుల్లోనే పెట్టించుకోవడం మేలు.

గ్యాస్ బండ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ముంపులో అది తేలుతుంది, గొట్టం ఊడుతుంది. ఇల్లు వదిలే ముందు రెగ్యులేటర్ తీసి, బండను ఎత్తైన చోట తాడుతో కట్టాలి. తిరిగొచ్చాక ముందు తలుపులు, కిటికీలు తెరవాలి, ఆ తర్వాతే అగ్గిపుల్ల మాట.

నీరు తీసిన ఇల్లు

గోడలు వానలో కంటే వాన తర్వాత ఎక్కువ మోసం చేస్తాయి. మట్టిగోడ నానినప్పుడు బరువెక్కుతుంది, ఆరేటప్పుడు బీటలిస్తుంది. ఎండ వచ్చింది కదా అని దాని నీడలో మంచం వేసుకుంటే ప్రమాదం. ఎత్తుపల్లాల మీద కట్టిన కాలనీల్లో ప్రహరీల వెనక మట్టి నీరు పీల్చి గోడను తోస్తుంది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్ బండ్లగూడలో ప్రహరీ కూలి కింది ఇళ్ల మీద పడినప్పుడు పలువురు చనిపోయారు, వారిలో పసిబిడ్డ కూడా ఉంది. మెరక మట్టిని ఆపే గోడకు అడుగున నీరు కారే రంధ్రాలు ఉండాలి. లేకపోతే అది వాన కోసం ఎదురుచూస్తున్న ఆనకట్ట. నిన్నటిదాకా సులువుగా పడిన తలుపు ఇవాళ ఉన్నట్టుండి చట్రంలో బిగుసుకుపోయిందంటే, గోడ మొదట్లోంచి బురద నీరు ఊరుతోందంటే, కొత్త బీట వేలు పట్టేంత వెడల్పయిందంటే ఆ గదిలో పడుకోకూడదు.

పాములు కూడా మనలాగే మెరక వెతుక్కుంటాయి. వాటికి దొరికే మెరక అటక, సోఫా అడుగు, తడి బట్టల కుప్ప. వీటిలో కట్లపాముది ప్రత్యేకమైన ముప్పు. అది రాత్రివేళ, నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లారేసరికి కనురెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, కడుపునొప్పి కనిపిస్తే అజీర్తి అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి చేరాలి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవడం మంచి రక్షణ. కాటు పడితే గట్టిగా తాడు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏవీ పనికిరావు. కాటు పడిన కాలినో చేతినో కదల్చకుండా 108లో ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే విరుగుడు మందు, కాబట్టి పామును వెతికి చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు.

తాగునీటి దగ్గర జరిగే పొరపాటు ఒకటే: నీరు తేటగా ఉంటే మంచిదనుకోవడం. భూగర్భ తొట్టిలోకి ముంపు నీరు ఒక్కసారి దిగితే మురుగు దిగినట్టే. తొట్టి మొత్తం తోడి, అడుగు రుద్ది, బ్లీచింగ్ పౌడర్‌తో కడిగాకే నింపాలి. క్లోరిన్ బిళ్లలు బురద నీటిలో సరిగా పనిచేయవు. ముందు గుడ్డతో వడకట్టి, తేరాక బిళ్ల వేసి, అరగంట ఆగాలి. కాచే వీలుంటే తెర్లే దాకా కాచడమే అన్నిటికన్నా నమ్మకం.

కరెంటు రోజుల తరబడి లేనప్పుడు చక్కెర వ్యాధిగ్రస్తులు ఉన్న ఇంట్లో మొదటి బెంగ ఇన్సులిన్ గురించే. చాలా రకాల ఇన్సులిన్ 30 డిగ్రీలు దాటని గదిలో సుమారు నాలుగు వారాలు చెడదు. ఫ్రిజ్ ఆగిందని బుడ్డీలు పారేయనక్కర్లేదు. మూత ఉన్న పొడి డబ్బాలో వాటిని పెట్టి, ఆ డబ్బాను ఖాళీ మట్టికుండలో ఉంచి, కుండకు తడిగుడ్డ చుడితే సరిపోతుంది. మంచుగడ్డల మధ్య పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

బురద ఎత్తేవారు బూట్లు, చేతితొడుగులు లేకుండా దిగకూడదు. ముంపు నీటిలో కలిసే ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కాలి మీది చిన్న గీత చాలు. కొన్ని రోజుల తర్వాత, ఒక్కోసారి రెండు వారాలు దాటాక, జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తాయి. అప్పటికి వరద సంగతి మరిచిపోయి ‘వైరల్ జ్వరం’ అని మాత్రలు మింగుతారు. డాక్టరుకు మొదట చెప్పవలసిన మాట ‘వరద నీటిలో తిరిగాను’ అన్నది. ఇక మునిగిన బండిని స్టార్ట్ చేయడం, ఫొటోలు తీయకుండా బురద కడగడం బీమా సొమ్మును చేతులారా పోగొట్టుకునే మార్గాలు.

విజయవాడ ముంపు తర్వాత రాష్ట్ర ప్రభుత్వం సాయాన్ని అంతస్తుల వారీగా లెక్కకట్టింది: నీట మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుకు 10,000. నష్టం ఎక్కడ ఉంటుందో సర్కారుకు తెలుసన్నమాట. అయినా ఆ తర్వాత కూడా కొత్త అపార్ట్‌మెంట్లలో మీటర్ల గది నేలమట్టంలోనే కడుతున్నారు, జనరేటర్‌ను, నీటి మోటారును సెల్లార్‌లోనే దింపుతున్నారు. సెల్లార్ నిండితే మొదట ఆగిపోయేవి ఆ నీరు తోడవలసిన మోటార్లే. కారు బయటికి తీద్దామని నిండుతున్న సెల్లార్‌లోకి దిగిన మనిషికి తిరిగొచ్చే దారి క్షణాల్లో మూసుకుపోతుంది. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గోడలు చెబుతున్న కాలనీల్లో, ఆ గీతకు పైన మీటర్లు, కింది అంతస్తు ప్లగ్గులకు విడిగా తెంచే స్విచ్ ఉండాలన్న షరతు లేకుండా నగరపాలక సంస్థలు ప్లాన్లు మంజూరు చేయకూడదు. పాత భవనాలవారు అనుమతుల కోసం ఆగక్కర్లేదు. నివాసుల సంఘం ఒక తీర్మానం చేసి, విద్యుత్తు సంస్థకు దరఖాస్తు పెట్టి, వేసవిలో రంగులు వేయించేటప్పుడే బోర్డులు పైకి జరిపించుకోవచ్చు.